నిలువని వెలుగు

(శతవార్షికోత్సవ ఛాయాచిత్ర ప్రదర్శన ప్రారంభమైన సాయంకాలము చేసిన ప్రసంగ పాఠము)



ఫోటోలను గురించి నాలుగు మాటలు చెప్పమని కమిటీవారు నన్ను కోరారు. అయ్యగారు చదువుకొనే రోజుల్లో కెమెరా మెడలో వేసుకొని తిరిగేవారని ఎవరో వారి చెవిన వేసినట్టున్నారు. ఆ మాట నిజమే. వేదాంత కళాశాలలో ఉన్నప్పుడు నా దగ్గర ఒక పాత కెమెరా ఉండేది. 36 ఫోటోల రీలు ఒకటి కొనాలంటే నెల రోజులు సాయంకాలపు టీ మానుకోవలసి వచ్చేది. కడిగించి తెచ్చుకుంటే ఆ 36లో 30 పనికిరాకుండా పోయేవి. అందుచేత నేను ఫోటోగ్రాఫరునని చెప్పుకోను. ఫోటో తీయడము ఎంత కష్టమో ఎరిగినవాడనని మాత్రము చెప్పగలను.

ఆ రోజుల్లోనే ఒక మిత్రుని గదిలో ఒక పెద్ద పుస్తకము తిరగవేస్తూ ఒక పటము దగ్గర ఆగిపోయాను. రంగులు లేని పటము. పైన సగము కారు నలుపు ఆకాశము. అందులో ఒక చిన్న చంద్రుడు. దాని క్రింద ఒక తెల్లని మేఘపు చార, మంచు కొండలు. అన్నిటికంటె క్రింద ఒక చిన్న పల్లె, ఒక మట్టి గోడల దేవాలయము, దాని ప్రక్క సమాధుల తోట. ఆ తోటలోని సిలువలు మాత్రము దీపాలు వెలిగించినట్టు తెల్లగా మెరుస్తున్నాయి. ఆ పటము తీసినవాని పేరు ఏన్సెల్ ఆడమ్స్. అమెరికా దేశస్థుడు. ఈ సాయంకాలము ఆయనను గురించి, ఆయన జీవితమంతా వెంటబడిన వెలుగును గురించి మీతో చెప్పదలచాను. ఆయన గొప్ప భక్తుడని చెప్పడానికి రాలేదు. తన పనిలో ఆయన చూపిన శ్రద్ధ మనకు ఉపయోగపడుతుందని మాత్రము నమ్ముతున్నాను. చివరిలో మన పటములలో ఒకదానిని గురించి, నా వల్ల జరిగిన ఒక పొరపాటును గురించి కూడా చెప్పవలసి ఉన్నది.

ఆడమ్స్ 1902 ఫిబ్రవరి 20న సాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. నాలుగేండ్ల వయసులో, అనగా 1906లో, ఆ పట్టణమును గొప్ప భూకంపము పాడుచేసింది. తరువాత వచ్చిన ప్రకంపనలలో పిల్లవాడు తోటగోడకు కొట్టుకొని ముక్కు విరుగగొట్టుకున్నాడు. ఆ వంకర ముక్కు చనిపోయే వరకు అలాగే ఉన్నది. బడి చదువు అబ్బలేదు. ఒక చోట కుదురుగా కూర్చొనే పిల్లవాడు కాడు. తండ్రి విసుగుకొనక బడి మానిపించి ఇంటిలోనే చదివించాడు, పియానో నేర్పించాడు. 1915లో ఆ పట్టణములో జరిగిన పెద్ద అంతర్జాతీయ ప్రదర్శనకు ఏడాది పొడుగునా వెళ్ళే టిక్కెట్టు కొని ఇచ్చి, రోజూ వెళ్ళి చూచి రమ్మన్నాడు. మన పిల్లలలో కూడా బడిలో కుదురులేని వారుంటారు. వారి తలిదండ్రులు ఈ తండ్రిని జ్ఞాపకము చేసుకొనుట మంచిది.

1916లో ఆ కుటుంబము యోసెమిటీ లోయకు వెళ్ళింది. సియెర్రా నెవాడా అనే కొండల వరుసలో ఉన్న లోయ అది. ఆ స్పానిష్ పేరుకు మంచు కొండలు అని అర్థము. అక్కడ తండ్రి అతనికి ఒక కొడాక్ బ్రౌనీ పెట్టె కెమెరా ఇచ్చాడు. అప్పటికి వయసు పదునాలుగు. ఆ ఏడాది మొదలు బ్రతికినన్నాళ్ళు ప్రతి సంవత్సరము ఆ లోయకు వెళ్ళాడు. చాలా ఏండ్ల వరకు పియానో వాయించడమే తన వృత్తి అవుతుందని అనుకున్నాడు. కొండలేమో పిలుస్తూనే ఉన్నాయి. చివరకు కొండలే గెలిచాయి.

ఇప్పుడు ఆయన తీసిన మూడు పటములను గురించి చెబుతాను.

మొదటిది 1927 ఏప్రిల్ 10న తీసినది. యోసెమిటీలో హాఫ్ డోమ్ అనే పెద్ద రాతికొండ ఉన్నది. గుండ్రని కొండను నడిమికి కోసి సగము తీసివేసినట్టు ఒక ప్రక్క నిట్టనిలువుగా ఉంటుంది. లోయ నేల నుండి సుమారు 1,400 మీటర్ల ఎత్తు. ఆ నిలువు ముఖమునకు ఎదురుగా ఉన్న ఒక బండ మీదికి ఆడమ్స్, ఆయనకు కాబోయే భార్య వర్జీనియా, కొందరు మిత్రులు మంచులో ఎక్కారు. వీపున బరువైన కెమెరా, ట్రైపాడు, గాజు పలకలు. ఆ కాలములో ఒక పలకకు ఒకే ఫోటో. బయలుదేరినప్పుడు 12 పలకలున్నాయి. దారిలో కొన్ని వాడి, కొన్ని పాడుచేసుకొని, ఆ బండ చేరేసరికి చేతిలో మిగిలినవి రెండే.

కొండ ముఖము ఇంకా నీడలో ఉన్నది. ఎండ తిరిగే వరకు కాచుకున్నారు. ఎండ ఆ రాతి మీదికి వచ్చింది. ఆడమ్స్ పసుపు రంగు అద్దము లెన్సుకు తగిలించి ఒక పలక వాడివేశాడు. పలక మూసిన తరువాత అతనికి ఒక సంగతి తట్టింది. ఈ పటములో కొండ ఉంటుంది, ఆకాశము ఉంటుంది, కాని నేను ఇక్కడ నిలుచుండి అనుభవించిన భయము, గంభీరత ఉండవు. అప్పుడు ముదురు ఎరుపు రంగు అద్దము తగిలించాడు. ఎర్రని అద్దము నీలి వెలుగును లోనికి రానివ్వదు. కనుక నీలి ఆకాశము పటములో నల్లగా పడుతుంది. నల్లని ఆకాశము మీద మంచు అంటిన రాయి లేచి నిలుస్తుంది. మిగిలిన ఆ ఒక్క పలకకు అయిదు సెకండ్లు వెలుగునిచ్చాడు. ఆ పటమే ఆయనకు పేరు తెచ్చింది.

ఆ రోజు తాను నేర్చుకున్నది ఆయన జీవితమంతా చెప్పాడు. కెమెరా మీట నొక్కక ముందే, పూర్తి అయిన పటము మనసులో కనబడాలి. ఎదుట ఉన్నది ఏదో చేతికి వచ్చినట్టు పట్టుకొని, ఇంటికి పోయి చూసుకుందాములే అంటే కుదరదు. పది సంవత్సరముల తరువాత, 1937లో, ఆయన చీకటి గదికి నిప్పంటుకొని ఎన్నో నెగటివులు కాలిపోయాయి. ఈ పలక అంచులు కాలి, మధ్య భాగము దక్కింది.

రెండవది నేను మొదట చెప్పిన చంద్రుని పటము. 1941లో ఆడమ్స్ అమెరికా ప్రభుత్వపు అంతరంగ వ్యవహారముల శాఖవారి కొరకు ఫోటోలు తీస్తూ న్యూమెక్సికో ప్రాంతములో తిరుగుతున్నాడు. వెంట ఎనిమిదేండ్ల కొడుకు, ఒక స్నేహితుడు. ఆ రోజంతా ఏదీ సరిగా కుదరలేదు. నిరాశతో కారులో సాంటాఫే పట్టణమునకు తిరిగి వస్తున్నారు. హెర్నాండెజ్ అనే చిన్న పల్లె దగ్గర ఎడమ ప్రక్కకు తల త్రిప్పి చూశాడు. తూర్పున చంద్రుడు లేచి ఉన్నాడు. పడమట సూర్యుడు మేఘముల వెనుకకు పోబోతున్నాడు. ఆ చివరి కిరణములు దేవాలయము ప్రక్కనున్న సిలువల మీద పడుతున్నాయి. దూరమున మంచుతో ఉన్న ఆ కొండల వరుస పేరు సాంగ్రే దె క్రీస్టో. స్పానిష్ భాషలో క్రీస్తు రక్తము అని అర్థము.

కారు దాదాపు రోడ్డు ప్రక్క గుంటలో దిగినంత పని అయింది. అందరూ దూకి, కారు మీది నుండి పెద్ద కెమెరా దింపారు. అది 8 అంగుళములకు 10 అంగుళముల ఫిల్ము పట్టే కెమెరా. మన చేతి ఫోను తీసినట్టు తీసేది కాదు. ముక్కాలి పీట నిలబెట్టాలి, నల్లగుడ్డ కప్పుకోవాలి, తలక్రిందుగా కనబడే బొమ్మను సరిచూసుకోవాలి. అంతా సిద్ధము చేసేసరికి వెలుగును కొలిచే మీటరు కనబడలేదు. ఎంత వెదికినా దొరకలేదు. సూర్యుడేమో ఆగడు.

ఇక్కడ మనమైతే ఏమి చేస్తాము? ఏదో ఒక లెక్క వేసి, దేవుని మీద భారము వేసి మీట నొక్కుతాము. ఆడమ్స్‌కు ఒక సంగతి జ్ఞాపకమునకు వచ్చింది. చంద్రుడు సొంత వెలుగు గలవాడు కాడు. మన మీద పడే సూర్యుని ఎండే ఆయన మీద పడుతుంది. కనుక చంద్రుని కాంతి ఎంతో లెక్క ఉన్నది. చదరపు అడుగుకు 250 క్యాండిల్స్ అని ఆడమ్స్ ఎప్పుడో చదివి నేర్చుకున్నాడు. ఆ అంకెను పట్టుకొని, ఫిల్ము వేగము, తగిలించిన అద్దము, అన్నీ మనసులోనే గుణించి, లెన్సు రంధ్రమును 32వ అంకెకు తగ్గించి, ఒక సెకండు వెలుగునిచ్చాడు. జాగ్రత్త కోసము రెండవది తీయాలని ఫిల్ము తిప్పుతుండగానే సిలువల మీది ఎండ పోయింది. ఆ ఒక్కటే మిగిలింది.

యౌవనులారా, అదృష్టము అని మనము తేలికగా అంటాము. ఆ పటము అదృష్టమా? చంద్రుడు లేవడము, ఎండ పడడము ఆయన చేతిలో లేనివి. అవి వరము. ఆ అంకె మాత్రము తలలో ఉన్నది. అది ఏండ్ల తరబడి చీకటి గదిలో చేసిన కూలి. నూనె తెచ్చుకొన్న కన్యకల ఉపమానము మీరు ఆదివారపు బడిలో నేర్చుకున్నారు. పెండ్లికుమారుడు వచ్చు గడియ ఎవరికీ తెలియదు. నూనె సంగతి మాత్రము ముందే చూచుకోవలసినది.

ఇంకొక మాట. ఆ నెగటివు నుండి మంచి ప్రింటు తీయడము చాలా కష్టము. ముందుభాగము పలుచగా పడింది. 1948లో ఆయన ఆ నెగటివు క్రింది భాగమును మందులో మరల ముంచి చిక్కపరచుకొన్నాడు. తన జీవితకాలములో ఆ ఒక్క పటమునకే వేయికి పైగా ప్రింట్లు తీశాడు. మొదటి ప్రింట్లలో ఆకాశము బూడిద రంగులో మేఘపు తెరలతో ఉంటుంది. ఏండ్లు గడిచేకొద్దీ నల్లబడుతూ వచ్చింది. పియానో నేర్చినవాడు కనుక, నెగటివు స్వరములు వ్రాసిన కాగితము వంటిదని, ప్రింటు తీయడము కచేరీ చేయడము వంటిదని ఆయన అనేవాడు. కీర్తన ఒక్కటే, పాడిన ప్రతిసారీ క్రొత్తగా పాడాలి.

మూడవది 1944లో తీసినది. అదే సియెర్రా కొండల తూర్పు ప్రక్క, ఓవెన్స్ లోయలో, లోన్ పైన్ అనే చిన్న ఊరు ఉన్నది. శీతకాలపు సూర్యోదయమున కొండ శిఖరముల మీద మొదటి ఎండ పడే దృశ్యము కొరకు తెల్లవారక ముందే చలిలో వెళ్ళి నిలుచున్నాడు. నాలుగు రోజులు మబ్బులు కమ్మి వట్టి చేతులతో వెనుకకు వచ్చాడు. అయిదవ రోజు కొండలు మెరిశాయి. కారు మీద కట్టించుకొన్న బల్ల ఎక్కి కెమెరా నిలబెట్టాడు. ముందరి మంచు పచ్చికలో ఒక గుర్రము మేస్తున్నది. కాని దాని వెనుకభాగము ఇటు ఉన్నది. ఎండ జరిగిపోతున్నది. గుర్రమును పిలిచినా పలుకుతుందా? చివరి క్షణమున అది ప్రక్కకు తిరిగింది. పటము దొరికింది.

ఆ పటములో ఒక చిక్కు ఉన్నది. నడుమ ఉన్న చీకటి గుట్ట మీద ఆ ఊరి హైస్కూలు పిల్లలు సున్నము పూసిన రాళ్ళతో తమ ఊరి పేరులోని రెండు మాటల మొదటి అక్షరములు, ఎల్, పి అని పెద్దగా పేర్చారు. ఆడమ్స్ ప్రింటులో ఆ అక్షరములను చెరిపివేశాడు. అది తప్పని కొందరు ఆయనను విమర్శించారు. చేసిన పనిని ఆయన దాచలేదు, తానే పుస్తకములో వ్రాసుకున్నాడు. అది తప్పా, ఒప్పా అనే ప్రశ్న నన్ను చాలాకాలము వెంటాడింది. ఆ ప్రశ్నను అలాగే ఉంచండి. మన పటము దగ్గరికి వచ్చినప్పుడు మరల అవసరమవుతుంది.

ఆయన ఆ లోయకు వెళ్ళిన కారణము కూడా చెప్పాలి. 1941 డిసెంబరులో జపాను పెర్ల్ హార్బర్ మీద దాడి చేసిన తరువాత, 1942లో అమెరికా ప్రభుత్వము పడమటి తీరములో నివసించే జపాను సంతతి వారిని సుమారు 1,20,000 మందిని ఇండ్లు, పొలములు, అంగళ్ళు విడిపించి శిబిరములలో ఉంచింది. వారిలో మూడింట రెండు వంతుల మంది ఆ దేశములోనే పుట్టిన పౌరులు. అటువంటి శిబిరము ఒకటి ఆ ఓవెన్స్ లోయలోనే ఉన్నది. దాని పేరు మంజనార్. పదివేల మందికి పైగా అక్కడ ఉండేవారు. లోకము ఇలా తగలబడుతుంటే ఈ మనిషి రాళ్ళకు, చెట్లకు ఫోటోలు తీస్తున్నాడని ఆడమ్స్‌ను ఎత్తిపొడిచినవారు ఆ కాలములో ఉన్నారు. ఆ ఆడమ్స్ 1943లో కెమెరా తీసుకొని మంజనార్‌కు వెళ్ళాడు. అక్కడి రైతులను, నర్సులను, బడిపిల్లలను, కతోలిక దేవాలయము ఎదుట నిలుచున్న విశ్వాసులను ఫోటోలు తీశాడు. ముళ్ళకంచెను, కావలి బురుజులను తీయరాదని ఆంక్ష ఉండెను. ఆయన బురుజు ఎక్కి, అక్కడ నుండి శిబిరమును తీశాడు. 1944లో, యుద్ధము ముగియక మునుపే, ఆ ఫోటోలతో పుస్తకము వేశాడు. పుట్టుకతో స్వతంత్రులు, సమానులు అనే అర్థము వచ్చే పేరు దానికి పెట్టాడు. శత్రువుల ముఖములను మంచివిగా చూపించాడని కోపించినవారున్నారు. శిబిరపు కష్టమును తగినంత చూపించలేదని తరువాతి కాలములో విమర్శించినవారూ ఉన్నారు. 1965లో ఆ ఫోటోలను ఆయన అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయమునకు ఇచ్చివేశాడు. 1988లో ఆ ప్రభుత్వము చేసిన అన్యాయమును ఒప్పుకొని క్షమాపణ చెప్పింది. అప్పటికి ఆడమ్స్ లేడు. 1984 ఏప్రిల్ 22న మరణించాడు.

సూర్యోదయపు కొండకు, ముళ్ళకంచె వెనుక మనుష్యులకు మధ్య దూరము ఎంత? ఒకే లోయ, ఒకే ఎండ. చెడ్డవారి మీదను మంచివారి మీదను ఒకే సూర్యుడు ఉదయించునని ప్రభువు చెప్పిన మాట మీకు తెలిసినదే. వెలుగును ప్రేమించే మనిషి కొండ మీది వెలుగును చూచి, మనిషి ముఖము మీది వెలుగును చూడకుండా పోలేడు.

ఇప్పుడు పనితనమును గురించి ఒక మాట చెప్పి మన సంగతికి వస్తాను. ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే మరియొక ఉపాధ్యాయుడు కలిసి 1940 ప్రాంతములో జోన్ పద్ధతి అనే దానిని ఏర్పరచారు. శుద్ధ నలుపు నుండి శుద్ధ తెలుపు వరకు సున్న మొదలు పది దాకా పదకొండు మెట్లు. ఎదుట ఉన్న ప్రతి వస్తువు ఏ మెట్టు మీద నిలవాలో ముందే నిర్ణయించుకోవాలి. ఈ పద్ధతికి పునాది పాతకాలపు ఫోటోగ్రాఫర్ల సూత్రము ఒకటి. నీడలను బట్టి వెలుగునివ్వాలి, వెలుగులను బట్టి కడగాలి. అనగా, ఫోటో తీసే క్షణమున నీడలో ఉన్నదానికి చాలినంత వెలుగు అందిందా అని చూచుకోవాలి. తెల్లగా మెరిసే భాగమును తరువాత కడిగేటప్పుడు సవరించవచ్చును. నీడలో ఉన్నది ఫిల్ము మీద పడకపోతే, తరువాత ఎంత కడిగినా, ఎంత రుద్దినా రాదు. అక్కడ వట్టి గాజే మిగులుతుంది.

సహోదరులారా, ఈ సూత్రము నాకు ఈ ఏడాదే సరిగా అర్థమైనది.

హాలులో తూర్పు గోడకు తగిలించిన పెద్ద పటము మీరంతా చూశారు. మన దేవాలయము కట్టిన తరువాత తీసినది. మెట్ల మీద దొరలు, దొరసానులు, మొదటి గురువులు, ఉపదేశులు, తలపాగాలు చుట్టిన పెద్దలు కూర్చున్నారు. ఇరవై ముగ్గురు. కుడి ప్రక్క అంచున, చింతచెట్టు నీడలో, ఒక స్త్రీ నిలుచున్నది. చంకలో ఖాళీ గంప. ముఖము సగము చీకటిలో ఉన్నది. సంచికలో అట్టకు వేయడానికి ఈ పటము ఎన్నుకొన్నప్పుడు, ఆ అంచు కత్తిరిస్తే మెట్లు సరిగా మధ్యకు వస్తాయని కమిటీలో ఒకరన్నారు. ఆమె ఎవరో దారిన పోయే మనిషి, పొరపాటున పడింది అన్నారు. నేను కూడా సరేనన్నాను. సరేనన్నవారిలో నేనూ ఒకడినని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. లోన్ పైన్ గుట్ట మీది అక్షరములు చెరిపినవానిని గురించి ఏండ్ల తరబడి ప్రశ్నలు వేసుకొన్నవాడను, ఒక మనిషిని చెరపడానికి అర నిమిషములో ఒప్పుకొన్నాను.

ఆ ఆదివారము ఆరాధన అయిన తరువాత, మన సంఘములో అందరికంటె వయసు మళ్ళిన అవ్వ ఒకామె ఆ పటము చూచి, చేతికర్రతో ఆ అంచును తట్టింది. "అయ్యగారూ, ఈమె మా నాయనమ్మ. ఈ గోడలకు మట్టి మోసింది. ఫోటో తీస్తున్నారంటే గంపతోనే వచ్చి నిలబడిందంట. మెట్ల మీదికి రమ్మంటే సిగ్గుపడి రాలేదంట" అన్నది. తరువాత మెట్ల మీది వారిలో ఒక్కొక్కరిని చూపుతూ పేర్లు చెప్పడము మొదలుపెట్టింది. నలుగురి పేర్లు చెప్పింది. నాకు ఆ వేళ ఒక పెండ్లికి ఆలస్యమవుతున్నది. "అవ్వా, క్రిస్మసు పనులు కానియ్యి, పుస్తకము తీసుకొని మీ ఇంటికే వస్తాను, అన్నీ వ్రాసుకుంటాను" అన్నాను. "రా అయ్యా, ఉంటాను" అన్నది.

జనవరిలో మొదటి వారమున ఆమెను మనము సమాధి చేశాము. ఆరాధన నడిపించినది నేనే. నా జేబులో ఆ నాలుగు పేర్లు వ్రాసిన చీటీ ఉన్నది.

ఆడమ్స్‌కు తారీఖులు వ్రాసుకొనే అలవాటు సరిగా లేదు. ఆ చంద్రుని పటమును ఎప్పుడు తీశాడో ఆయనకే తెలియదు. ఒకచోట 1940 అని, ఒకచోట 1944 అని చెబుతూ వచ్చాడు. చంద్రుడు ఆకాశములో ఎక్కడున్నాడో లెక్కకట్టి, డేవిడ్ ఎల్మోర్ అనే శాస్త్రజ్ఞుడు 1980లో అది 1941 అక్టోబరు 31 అని తేల్చాడు. 1991లో డెన్నిస్ డి చికో అనే మరియొకరు ఆ స్థలమునకే వెళ్ళి, కెమెరా నిలిపిన చోటు సరిచూచి, లెక్క దిద్దాడు. 1941 నవంబరు 1, సాయంకాలము 4 గంటల 49 నిమిషములు. ఆకాశమే సాక్ష్యము చెప్పింది. మన పటము వెనుక తారీఖు లేదు. మన పటములో చంద్రుడు కూడా లేడు. మనకు సాక్ష్యము చెప్పగలిగినది ఆ అవ్వ ఒక్కతే. ఆ ఎండ సిలువల మీద నుండి జారిపోయింది. ఇరవై ముగ్గురిలో పందొమ్మిది మంది పేర్లు మనకు తెలియవు.

అట్ట మీద ఆ పటము ఇప్పుడు అంచుతో సహా వేశారు. మెట్లు మధ్యకు రాలేదు. రానక్కరలేదు. ఫోటో తీసిన ఆ పాతకాలపు మనిషి ఎవరో గాని, చెట్టు నీడకు కూడా చాలినంత వెలుగు ఇచ్చాడు. అందువలన ఆమె కన్ను, గంప అంచు, కాలి కడియము ఈనాటికీ కనబడుతున్నాయి. ఆయన చేయవలసినది చేశాడు. పేరు వ్రాసుకోవలసినది మనము.

ఇప్పుడు ఆ అక్షరముల ప్రశ్నకు నాకు తోచిన జవాబు చెబుతాను. ఆడమ్స్ చేసినది ఒక కొండ పాట వంటిది. పాటలో తనకు కావలసిన స్వరము ఉంచుకున్నాడు, చేసినది చెప్పాడు. మన శతవార్షిక సంచిక పాట కాదు, సాక్ష్యము. సాక్షి తనకు అందముగా లేదని దేనినీ చెరపరాదు.

మెదక్ మహాదేవాలయము చూచినవారు ఇక్కడ చాలా మంది ఉంటారు. 1924లో ప్రతిష్ఠించినది. దాని రంగుటద్దాల కిటికీలలో ప్రభువు జననము, సిలువ, ఆరోహణము ఉన్నాయి. పగలు లోపల నిలుచుంటే ఆ రంగులు కన్నుల నిండుగా ఉంటాయి. పొద్దు గుంకిన తరువాత అదే చోట నిలుచుంటే నల్లని గాజు తప్ప ఏమీ కనబడదు. కిటికీ మారలేదు. వెలుగు ఉన్నప్పుడు మనము అక్కడ ఉన్నామా అన్నదే సంగతి. కొండ మీద మహిమను చూచిన పేతురు అక్కడే మూడు పర్ణశాలలు కట్టుదునన్నాడు. ఆ వెలుగు అక్కడ నిలువలేదు. వారు కొండ దిగి రావలసి వచ్చింది. క్రింద ఒక తండ్రి రోగియైన కొడుకుతో కాచుకొని ఉన్నాడు. వెలుగును కట్టివేయడము మన వలన కాదు. చూచినదానిని మరువక, క్రిందికి వచ్చి పని చేయడము మన వలన అవుతుంది.

యౌవనులారా, మీ ఫోనులలో ఒక్కొక్కరికి వేల ఫోటోలున్నాయి. నా కాలములో వలె టీ మానుకొని రీలు కొనే బాధ మీకు లేదు. అందుచేత మీకు వేరొక బాధ ఉన్నది. ఏది నిలువవలసినదో తెలియకుండా అన్నీ పోగవుతాయి. మీకు మూడు పనులు చెబుతాను. ఇంటికి వెళ్ళి ఇనుప పెట్టెలో ఉన్న పాత ఫోటోలు బయటికి తీయండి. ప్రతి దాని వెనుక, మెత్తని పెన్సిలుతో, గట్టిగా నొక్కకుండా, ఉన్నవారి పేర్లు, ఊరు, సంవత్సరము వ్రాయండి. రెండవది, ఆ పేర్లు తెలిసిన తాతను, అవ్వను ఈ వారములోనే అడగండి, పండుగ అయిన తరువాత అనవద్దు. మూడవది, ఇక మీదట మీరు ఏ కూటమి ఫోటో తీసినా, మీట నొక్కే ముందు అంచులు చూడండి. నీడలో ఎవరు నిలుచున్నారో చూడండి. వంట చేసినవారు, కుర్చీలు వేసినవారు, గంట కొట్టినవారు అక్కడ ఉంటారు. ముందు వారికి వెలుగు అందేటట్టు చూచుకోండి. మెట్ల మీద కూర్చున్న మేము ఎలాగైనా పటములో పడతాము.

ప్రదర్శన హాలు తలుపు దగ్గర ఒక బల్ల మీద పెన్సిళ్ళు, ఒక ఖాళీ పుస్తకము ఉంచాము. ఆ తూర్పు గోడ పటములో ఎవరినైనా గుర్తుపట్టిన వారుంటే ఈ రాత్రే వ్రాసి వెళ్ళండి. నాలుగు పేర్లు నేను వ్రాశాను. అయిదవది మట్టి మోసినామెది. ఆమె పేరు అవ్వ నాకు చెప్పలేదు. నాయనమ్మ అని మాత్రమే అన్నది. ఆ వరుసలో నాయనమ్మ అనే వ్రాసి, ప్రక్కన చోటు విడిచిపెట్టాను. ఆ ఇంటివారు ఎవరైనా ఇక్కడ ఉంటే, దయచేసి వచ్చి ఆ చోటు నింపండి.

 దేవుడు మిమ్మును దీవించును గాక.